రిబ్బను కట్టిన సైరన్

మా ఫ్యాక్టరీలో ప్రోటోకాల్ తెలియనిది ఒక్క అమ్మోనియాకే. మిగతా అందరికీ, జనరల్ మేనేజర్ గారి దగ్గర్నుంచి క్యాంటీన్లో టీ పోసేవాడి దాకా, ఎవరి వెనక ఎవరు నడవాలో, ఎవరు కూర్చున్నాక ఎవరు కూర్చోవాలో కంఠతా వచ్చు.

మాది రొయ్యల ఫ్యాక్టరీ. గోదావరి జిల్లాలో, సముద్రానికి కాస్త ఇవతల, చెరువుల మధ్య ఉంటుంది. చెరువుల్లోంచి వచ్చిన రొయ్యలకి ఇక్కడ తలలు తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి ఓడలెక్కిస్తాం. గడ్డకట్టించడానికి గొట్టాల్లో అమ్మోనియా తిరుగుతూ ఉంటుంది. గొట్టంలో ఉన్నంతసేపూ అది చాలా మర్యాదస్తురాలు. బయటికొచ్చిందంటే ముందు కళ్ళు మండుతాయి, తర్వాత గొంతు పట్టేస్తుంది, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పినవాళ్ళు లేరు.

నా పేరు తాతారావు. నేను ఇక్కడ పి.ఆర్.ఓ.ని. పెద్ద ఉద్యోగమనుకునేరు. వచ్చిన పెద్దలకి పూలగుత్తి అందించడం, శాలువా మడత విప్పి పక్కన నిలబడటం, మైకు పట్టుకుని 'విచ్చేసిన' అన్న మాటని వీలైనన్నిసార్లు వాడటం నా పని. ఈ పనిలో నన్ను మించినవాడు మా జిల్లాలో లేడని మా జనరల్ మేనేజర్ త్రివిక్రమరావు గారే ఒకసారి అన్నారు. జీతం పెంచమని అడిగిన రోజున అన్నారు.

నా భార్య వీరవేణి కూడా ఇదే ఫ్యాక్టరీలో, ఒలుపు హాల్లో పనిచేస్తుంది. ఆ ఉద్యోగం నేనే వేయించాను. రెండొందలమందికి పైగా ఆడవాళ్ళు తలకి టోపీలు, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుని ఆ చలిలో పొద్దంతా నిలబడి రొయ్యలు ఒలుస్తారు. హాలుకి రెండు తలుపులు. ముందు తలుపు తీస్తే ఎదురుగా అమ్మోనియా కంప్రెసర్ గది. వెనక తలుపు ఇనుపది, దానికెప్పుడూ తాళమే. అది ఎమర్జెన్సీ తలుపు కాబట్టి ఎమర్జెన్సీలో తప్ప తీయకూడదని తాళం వేశారు. ఎమర్జెన్సీ వచ్చిందని తెలియడానికి గుర్తు సైరన్. సైరన్ మోగితే వాచ్‌మన్ గవరయ్య తన మొలతాడుకున్న తాళంచెవితో ఆ తలుపు తీస్తాడు.

ఇదివరకు సైరన్ స్థానంలో ఒక రైలుపట్టా ముక్క వేలాడుతూ ఉండేది. ఇనుప కడ్డీతో కొడితే చెరువుల మీద కొంగలన్నీ లేచేవి. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై గొడవ జరిగాక, తనిఖీకి వచ్చిన వాళ్ళు ఈ పట్టా ముక్కని చూసి నవ్వి, మంచి సైరన్ పెట్టుకోమని రాసి వెళ్ళారు. మంచి సైరన్ వచ్చింది. మూడు ఊళ్ళకి వినబడుతుందట. దాన్ని స్తంభం ఎక్కించిన రోజున నేను వేణితో, ఇంక నీకు భయం లేదని చెప్పాను కూడా.

మర్నాడు త్రివిక్రమరావు గారు మీటింగు పెట్టారు. భద్రతాధికారి శశిభూషణ్ గారు కొత్త టై కట్టుకుని వచ్చారు. పూలగుత్తుల అవసరం పడొచ్చని నన్నూ పిలిచారు.

"సార్, సైరన్ పనిచేస్తోందో లేదో ఒక్కసారి మోగించి చూస్తే..." అన్నారు శశిభూషణ్ గారు.

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే సంస్థ ప్రతిష్ఠ గురించి మాట్లాడబోతున్నారని అర్థం. "మోగించడమా? ఇంతటి మహత్తర కంఠస్వరం గల యంత్రాన్ని ఒక ప్రముఖుడి అమృతహస్తాల మీదుగా జాతికి అంకితం చేయకుండా మోగిస్తే మన సంస్థ పరువేం కావాలి? మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి మీట నొక్కాలి. అప్పుడది మొట్టమొదటిసారి మోగాలి. మనం ముందే మోగించేసి ఆయన చేత ప్రారంభింపజేయడమంటే, పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు ఏర్పాటు చేసినట్టుంటుంది."

"చాలా లోతుగా ఆలోచించారు సార్," అన్నారు శశిభూషణ్ గారు.

అలా సైరన్ కి పసుపురంగు పట్టుబట్ట చుట్టారు. మీటకి ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారి కంటే ముందు ఎవడైనా తొందరపడి నొక్కేస్తాడేమోనని కరెంటు కనెక్షన్ ఇవ్వకుండా ఆపారు. శిలాఫలకం మీద ఆహ్వానపత్రికలో ఉన్న పేర్లన్నీ చెక్కించి, తేదీకి చోటు వదిలారు. వేదిక పక్కన తుప్పు పట్టిన ఇనుపముక్క వేలాడితే ఫోటోల్లో అసహ్యంగా పడుతుందని రైలుపట్టాని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు.

మంత్రిగారు వస్తామన్నారు. హాలు వెనక ఖాళీ స్థలంలో షామియానా వేశాం, వేదిక కట్టాం, ఫ్యాక్టరీలో మూలమూలకీ లౌడ్‌స్పీకర్లు బిగించాం. కుర్చీలు ఖాళీగా కనబడకూడదని త్రివిక్రమరావు గారు కచ్చితమైన ఆదేశం ఇచ్చారు. మంత్రిగారు విచ్చేశారని మైకులో చెప్పగానే గవరయ్య చేత వెనక తలుపు తీయించి, ఒలుపు హాలు మొత్తం ఖాళీ చేసి ఆడవాళ్ళందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టాలి, ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా సంబంధిత సూపర్‌వైజరు ఇంటికి వెళ్ళవచ్చు. మాటవరసకి చెప్పడం కాదు, మామూలుగా ఆదేశాలు పట్టించుకోని సూపర్‌వైజర్లు దీన్ని మాత్రం గుండెల మీద రాసుకున్నారు.

ఆ రోజు మంత్రిగారు రాలేదు. అసెంబ్లీలో పని తగిలిందట. తర్వాత పెట్టిన ముహూర్తానికి ఆయనకి పన్ను నొప్పి వచ్చింది. ఆ తర్వాత మూఢం. మూఢం వెళ్ళేసరికి ఆయన శాఖ మారింది, శిలాఫలకం మళ్ళీ చెక్కించాం. ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చి, కోడ్ ఉండగా సైరన్ ప్రారంభించడం ఓటర్లని ప్రభావితం చేయడం కిందికి వస్తుందేమోనని త్రివిక్రమరావు గారికి అనుమానం వచ్చింది. షామియానా మాత్రం విప్పలేదు. విప్పితే మళ్ళీ వేయాలి కదా.

మధ్యలో శశిభూషణ్ గారికి ఒక ధర్మసందేహం కలిగింది. "ప్రారంభోత్సవానికి ముందే గ్యాస్ లీకైతే ఏం చేయాలి సార్?"

"లీక్ కాకుండా చూసుకోవాలి," అన్నారు త్రివిక్రమరావు గారు.

"ఒకవేళ అయితే?"

ఆ ఒకవేళ కోసం 'మధ్యంతర అత్యవసర సమాచార విధానం' తయారైంది. దాని ప్రకారం వాసన తగిలినవాడు షిఫ్టు ఇన్‌చార్జికి, ఆయన శశిభూషణ్ గారికి, ఆయన త్రివిక్రమరావు గారికి చెప్పాలి. త్రివిక్రమరావు గారు మంత్రిగారి కార్యాలయానికి చెప్పాలి. అక్కణ్ణించి అనుమతి అదే దారిలో వెనక్కి వచ్చాక, వాసన తగిలినవాడు ఇంకా ఉంటే, బయటికి వెళ్ళవచ్చు.

విధానం ఉన్నాక మాక్ డ్రిల్ చేయాలి. చేశాం. మైకు నా చేతికిచ్చి శశిభూషణ్ గారు రాసిచ్చిన కాగితం చదవమన్నారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సైరన్ మోగినట్టు భావించవలెను. సిబ్బంది అందరూ బయటికి వెళ్ళినట్టు భావించి, పని కొనసాగించవలెను." హాల్లో ఆడవాళ్ళు ఒక్క క్షణం తలెత్తి, బయటికి వెళ్ళినట్టు భావించి, మళ్ళీ రొయ్యల తలలు తీయడం మొదలుపెట్టారు. డ్రిల్ సంపూర్ణంగా విజయవంతమైందని శశిభూషణ్ గారు ప్రకటించారు. ఒక్క రొయ్య కూడా వృథా కాలేదని త్రివిక్రమరావు గారు ఆయనకి శాలువా కప్పారు. మడత విప్పింది నేనే.

మర్నాడు పొద్దున్నే క్యారేజీ సర్దుతూ వేణి అడిగింది. "ఏవండీ, ఆ సైరనుకి మోక్షం ఎప్పుడంట?"

"వచ్చే వారమో, ఆ పై వారమో. కోడ్ అయిపోయింది కదా, వచ్చేస్తారు."

"ఆయనొచ్చేదాకా గాలి పీల్చొద్దంటారా? నిన్న డ్రిల్లయ్యాక మా పక్క బల్ల మీదమ్మాయికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినియ్యండీ. ఏటీ వాసనని అడిగితే సూపర్‌వైజరు, వాసనొచ్చినట్టు భావించకండి అన్నాడు. ఆ ఇనప తలుపు సూత్తే నాకు ఎలాగో ఉంటుందండీ, ఆయ్."

నేను నవ్వేసి, నీదంతా అనవసరమైన భయం అన్నాను. కానీ నాకూ భయమేసింది. ఆ తలుపు వెనక్కి ఆమెని పంపింది నేను. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు, అందుకని మరీ గుచ్చుకుంది.

లీకైన రోజున ఎండ బాగా కాస్తోంది. నేను త్రివిక్రమరావు గారి గదిలో, మంత్రిగారికి వేయబోయే దండలో బంతిపూలు ఉండాలా గులాబీలు ఉండాలా అన్న చర్చలో ఉన్నాను. కంప్రెసర్ ఆపరేటరు ఏసుపాదం తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతున్నాడు.

"సార్, వాల్వు కాడ గ్యాసు కొట్టేత్తందండి! పొగలాగొచ్చేత్తంది. హాలు ముందరికి పాకేత్తందండి!"

"ముందు షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పావా?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"ఆయన దగ్గుతా బయటికి పారిపోయాడండి."

"అయితే గొలుసు ఇక్కడే తెగింది," అని శశిభూషణ్ గారు విచారంగా తల ఆడించారు. "సార్, దీన్ని లీకేజీ అనవచ్చా?"

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీశారు. "తొందరపడకండి. లీకేజీ అని ఒప్పుకుంటే నిబంధన ప్రకారం సైరన్ మోగించాలి. సైరన్ ఇంకా ప్రారంభం కాలేదు కనుక మోగించలేం. మోగించలేం కనుక ఇది లీకేజీ కాదు. అమ్మోనియా తాత్కాలికంగా తన పరిధిని విస్తరించుకుంది, అంతే."

"సార్, లోపల రెండొందలమంది ఉన్నారు. మా ఆవిడ ఉంది," అన్నాను.

"తాతారావూ, కుటుంబ విషయాలు అధికారిక సమావేశంలోకి తీసుకురాకు."

ఆయన ఫోనెత్తి మంత్రిగారి పి.ఎ.కి చేశారు. స్పీకర్లో పెట్టారు, పారదర్శకత కోసం. అవతల సన్నాయి, డోలు, పిల్లల కేకలు వినబడుతున్నాయి.

"సార్ మేనల్లుడి పెళ్ళిలో ఉన్నారండి," అన్నాడు పి.ఎ. "తలంబ్రాలవుతున్నాయి. మీ లీకు సాయంత్రందాకా వాయిదా వేసుకోలేరా?"

"ప్రయత్నిస్తామండీ. పోనీ మంత్రిగారు వీడియో కాల్లో అక్కణ్ణించే మీట నొక్కినట్టు చేయి చూపిస్తే, ఇక్కడ మావాళ్ళెవరైనా..."

"చేయొచ్చండి. కానీ శిలాఫలకం మీద 'విచ్చేసి' అని ఉంది కదా."

త్రివిక్రమరావు గారు ఆలోచనలో పడ్డారు. మూడోసారి చెక్కించడానికి శిల్పి ఒప్పుకుంటాడా అని శశిభూషణ్ గారిని అడిగారు. నేను అక్కడినుంచి పరిగెత్తాను.

ఇనుప తలుపు దగ్గర గవరయ్య ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనది శ్రీకాకుళం వైపు. నిజాయితీపరుడు, చెప్పిన పని చెప్పినట్టే చేస్తాడు. దేశంలో సగం ప్రమాదాలు ఇలాంటివాళ్ళ వల్లే అనిపిస్తుంది.

"గవరయ్యా, తాళం తియ్యి!"

"సైరన్ కూయనీ బాబూ, సిటికెలో తీసేత్తాను."

"సైరన్ కూయదయ్యా! దానికి కరెంటే లేదు!"

"మరి నానేటి సేతును? నా ముందున్నోడు, ఎవులికో కళ్ళు తిరిగినాయని ఈ తలుపే తీసినాడు. ఆడి ఉద్యోగం ఊడిపోనాది. నాకు ముగ్గురు ఆడపిల్లలు బాబూ."

తాళంచెవి కోసం చెయ్యి వేశాను. ఆయన నన్ను ఒక్క తోపు తోశాడు, వెళ్ళి షామియానా గుంజకి కొట్టుకున్నాను. తలుపుకి ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తే లోపల వేణి టోపీ కనబడింది. రొయ్య ఒలుస్తూ మధ్యమధ్య మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. అవతల ముందు తలుపు కింది సందులోంచి తెల్లటి పొగ మెల్లగా లోపలికి వస్తోంది.

వేదిక ఎక్కి మైకు అందుకున్నాను. మా ఫ్యాక్టరీలో సైరన్ కి కరెంటు లేకపోయినా మైకుకి మాత్రం జనరేటర్ కూడా ఉంది. "అమ్మోనియా లీకైంది! అందరూ బయటికి వచ్చేయండి! గవరయ్యా, తలుపు తీయి!" అని అరిచాను. గొంతు పగిలేలా అరిచాను.

లోపల ఏం జరిగిందో వేణి తర్వాత చెప్పింది. సూపర్‌వైజరు చప్పట్లు కొట్టి, "మాక్ డ్రిల్లమ్మా! బయటికి ఎల్లినట్టు భావించి కానివ్వండి, కానివ్వండి," అన్నాడట. అందరూ భావించారు. కొందరు దగ్గుతూ భావించారు.

తలుపు కదల్లేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఏం మెదిలిందో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్ళుగా చేసిన ఉద్యోగమే నా నోటికొచ్చి ఉంటుంది. గొంతు సవరించుకుని, మామూలుగా సభల్లో వాడే తియ్యటి స్వరంతో మొదలుపెట్టాను.

"గౌరవనీయులు, బడుగువర్గాల ఆశాజ్యోతి, మన ప్రియతమ మంత్రివర్యులు ఇప్పుడే మన ప్రాంగణానికి విచ్చేసి ఉన్నారు! మహిళామణులందరూ తక్షణమే వచ్చి సభని జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాం! కుర్చీలు ఖాళీగా ఉన్నాయి! కుర్చీలు ఖాళీగా ఉన్నాయి!"

గవరయ్య చెయ్యి మొలతాడు మీదికి ఎప్పుడు పోయిందో, తాళం ఎప్పుడు పడిపోయిందో నాకు కనబడనే లేదు. ఇనుప తలుపు బార్లా తెరుచుకుంది. బాత్రూముకి వెళతామంటే గంటసేపు నీళ్ళు నమిలించే సూపర్‌వైజర్లు, ఆడవాళ్ళని "నడవండి, నడవండి, ముందు వరసలు నిండాలి" అని తరుముకుంటూ బయటికి తెచ్చారు. ప్యాకింగువాళ్ళు వచ్చారు, ఐసు కొట్టేవాళ్ళు వచ్చారు, క్యాంటీను మొత్తం వచ్చింది. సముద్రం మీది గాలి షామియానా వైపు నుంచి ఫ్యాక్టరీ మీదికి కొడుతోంది కాబట్టి పొగ మా దాకా రాలేదు. చూస్తుండగానే కుర్చీలన్నీ నిండాయి. త్రివిక్రమరావు గారు దండతో, శశిభూషణ్ గారు వెండి పళ్ళెంలో కత్తెరతో పరిగెత్తుకుంటూ వచ్చి వేదిక పక్కన నిలబడ్డారు.

ముందు వరసలో వేణి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ ఉంది. నేను మైకు పట్టుకునే ఏడ్చేశాను. మంత్రిగారి మీద నా అభిమానం చూసి కొందరు చప్పట్లు కొట్టారు. ఏసుపాదం మాస్కు తగిలించుకుని పక్క దారిన వెళ్ళి మెయిన్ వాల్వు కట్టేసి వచ్చాడు. అతనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"మంత్రిగారేరీ?" అన్నారు త్రివిక్రమరావు గారు, చుట్టూ చూసి.

జరిగినదాని మీద విచారణ కమిటీ వేశారు. కమిటీకి అధ్యక్షులు త్రివిక్రమరావు గారు, సభ్యులు శశిభూషణ్ గారు. వాళ్ళు నిష్పక్షపాతంగా చాలా రోజులు విచారించి, సైరన్ మోగని కారణంగా ఎమర్జెన్సీ ఏదీ జరగలేదని నిర్ధారించారు. జరగని ఎమర్జెన్సీ నుంచి ఎవరినీ కాపాడటం సాధ్యం కాదు కాబట్టి నేనెవరినీ కాపాడలేదు. విచ్చేయని మంత్రివర్యులను విచ్చేసినట్టు ప్రకటించడం మాత్రం తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యం. అందుకు నాకు మెమో ఇచ్చారు.

ఇంటికొచ్చి మెమో చూపిస్తే వేణి దాన్ని అటూ ఇటూ తిప్పి, దేవుడి పటం ముందు పెట్టింది. "ఇంకోటి ఇచ్చినా తీసుకోండి," అంది. ఆ పూట నాకు ఆ ఉద్యోగం మీద మొదటిసారి గౌరవం కలిగింది.

అయితే కమిటీకి ఒక విషయం కొరుకుడు పడలేదు. హాలు అంత త్వరగా ఖాళీ కావడం మా ఫ్యాక్టరీ చరిత్రలో లేదు. విదేశీ కొనుగోలుదారులు దీన్ని చూస్తే ముచ్చటపడతారని శశిభూషణ్ గారు అన్నారు. త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి, సవరించిన విధానం మీద సంతకం పెట్టారు. ఇకమీదట గ్యాస్ తన పరిధిని విస్తరించుకున్న పక్షంలో, సైరన్ ప్రారంభమయ్యే వరకు, ముఖ్య అతిథి విచ్చేసినట్టు మైకులో ప్రకటించవలెను. ప్రకటన వినగానే సిబ్బంది తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, కుర్చీల్లో కాలక్షేపం చేయకుండా, గాలికి ఎదురుగా చెరువుగట్టు దాకా పరుగు తీయవలెను.

ఈసారి డ్రిల్లు నిజంగా చేయించారు. భావించడాలు లేవు. వారం వారం నేను మైకులో మంత్రిగారిని విచ్చేయించేవాణ్ణి, వాళ్ళు పరిగెత్తేవాళ్ళు. మొదట్లో నవ్వుకుంటూ, బూట్లు జారుతూ పరిగెత్తారు. క్రమంగా ఆరితేరారు. 'గౌరవనీయులు' అనగానే చేతిలో రొయ్య వదిలేసేవారు, 'విచ్చేసి' అనేసరికి తలుపు దాటేసేవారు. గవరయ్య తాళంచెవి తీసి చేతిలోనే పట్టుకుని తిరిగేవాడు. వేణి కూడా ఇనుప తలుపు సంగతి మరిచిపోయింది. ఇంట్లో టీవీలో ఎవరైనా విచ్చేశారంటే మాత్రం ఉలిక్కిపడి లేచి నిలబడేది.

అలాంటి రోజుల్లో, ఏ కబురూ లేకుండా ఒక మధ్యాహ్నం మంత్రిగారు వచ్చేశారు. పక్క ఊళ్ళో ఏదో సభ రద్దయిందట, ఖాళీగా ఉన్నాం కదా అని దారి మళ్ళించారు. ముందు పోలీసు జీపు, వెనక పొడుగాటి కార్లు, గన్‌మన్లు. త్రివిక్రమరావు గారు ఆనందంతో చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు. శశిభూషణ్ గారు సైరన్ కి కరెంటు ఇప్పించే పనిలో పడ్డారు.

మంత్రిగారు కారు దిగి, ఖాళీ షామియానాని చూసి మొహం చిట్లించారు.

"జనం ఏరీ?" అన్నారు.

"లోపల మీ కోసమే ఎదురుచూస్తున్నారు సార్. తాతారావూ, ప్రకటించు!" అన్నారు త్రివిక్రమరావు గారు.

నేను ఆయన చెవి దగ్గరికి వెళ్ళాను. "సార్, ఏమని ప్రకటించమంటారు?"

"ఇదేం ప్రశ్నయ్యా? మంత్రిగారు విచ్చేశారని!"

"సవరించిన విధానం ప్రకారం ఆ ప్రకటనకి..."

"విచ్చేయనప్పుడు ప్రకటించినందుకు ఒక మెమో ఇచ్చాను. విచ్చేసినప్పుడు ప్రకటించకపోతే ఉద్యోగమే తీసేస్తాను. ఊఁ, కానియ్!"

పై అధికారి ఆదేశం. మైకు అందుకున్నాను. గొంతు సవరించుకుని, నా జీవితంలోకెల్లా సత్యమైన ప్రకటన చేశాను. గౌరవనీయులు, బడుగువర్గాల ఆశాజ్యోతి, మన ప్రియతమ మంత్రివర్యులు ఇప్పుడే మన ప్రాంగణానికి విచ్చేసి ఉన్నారు.

ఇనుప తలుపు దడేలుమంది. రెండొందలమంది ఆడవాళ్ళు, ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని, ఒక్క ఉదుటున బయటికి వచ్చారు. మంత్రిగారు చిరునవ్వుతో రెండు చేతులూ జోడించారు. వాళ్ళు ఆయన్ని దాటుకుని, కుర్చీలు తోసుకుని, వేదిక పక్కనుంచి చెరువుగట్టు వైపు పరుగు తీశారు. వాళ్ళ వెనక ప్యాకింగువాళ్ళు, ఐసువాళ్ళు, క్యాంటీనువాళ్ళు, వంటమనిషి గరిటెతో సహా. గవరయ్య నా పక్కనుంచి వెళుతూ "ఒగ్గీ బాబూ, మైకు ఒగ్గీసి రా!" అని అరిచాడు.

అంతమంది ఒకే దిక్కుకి ప్రాణభయంతో పరిగెత్తుతుంటే గన్‌మన్లు ఎంతసేపు నిలబడతారు? మంత్రిగారిని చెరో రెక్కా పట్టుకుని గట్టువైపు లాక్కుపోయారు. ఆయన వెనక దండ పట్టుకుని త్రివిక్రమరావు గారు, ఆయన వెనక పళ్ళెంతో శశిభూషణ్ గారు. కత్తెర దారిలోనే ఎక్కడో పడిపోయింది. నేనూ పరిగెత్తాను. ఏమో, ఆ రోజు నిజంగానే లీకై ఉండవచ్చు కదా అనిపించింది.

గట్టు మీద మంత్రిగారు కూలబడ్డారు. ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది, తెల్లబట్టలు మోకాళ్ళ దాకా నల్లబడ్డాయి. కాసేపటికి ఊపిరి తీసుకుని, పక్కనే నిలబడి అందరూ వచ్చారో లేదో చూసుకుంటున్న మనిషిని అడిగారు. ఆ మనిషి వేణి.

"ఏమైందమ్మా? ఏం ప్రమాదం జరిగింది? అందరూ ఎందుకలా పరిగెత్తారు?"

వేణి ఆయన్ని పోల్చుకోలేదు. రొప్పుతున్న ఒక పెద్దాయన అనుకుంది. తన దగ్గరున్న ఇంకో తడిగుడ్డ ఆయన చేతిలో పెట్టింది.

"ముందు ముక్కుకి కట్టుకోండి బాబూ," అంది జాలిగా. "మంత్రిగారొచ్చేసేరంటండీ."